641 దగ్గర తేలిన లెక్క

429 కోట్ల 49 లక్షల 67 వేల 297. అంకెల్లో రాస్తే 4294967297. ముప్పై రెండు రెండ్లను వరసగా గుణించి ఒకటి కలిపితే వచ్చే సంఖ్య ఇది. ఇది ప్రధాన సంఖ్యేనని 17వ శతాబ్దంలో ఫ్రాన్స్ గణితజ్ఞుడు పియర్ డి ఫెర్మా నమ్మాడు. ఆ నమ్మకానికి ఆధారం లేకపోలేదు. 2కు ఘాతాలుగా 1, 2, 4, 8, 16 తీసుకుని, వచ్చిన ఒక్కోదానికి ఒకటి కలిపితే 3, 5, 17, 257, 65537 వస్తాయి. అయిదూ ప్రధాన సంఖ్యలే. ఆ వరసలో ఆరోది మన సంఖ్య.

1732లో స్విట్జర్లాండ్ గణితజ్ఞుడు ఆయిలర్ దీన్ని విడగొట్టేశాడు: 641 × 6700417.

ప్రధాన సంఖ్యల్లో 641 ది 116వ స్థానం. 2తో మొదలుపెట్టి ఒక్కోదానితో భాగించుకుంటూ పోతే 116వ భాగహారంలో దొరుకుతుంది. ఓపిక ఉన్నవాళ్లకు అది కొన్ని గంటల పని. కానీ అన్నిటితో భాగించక్కర్లేదు, దానికో కిటుకు ఉంది. మన సంఖ్యను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా సరే, దాన్ని 'ప' అనుకుందాం. మన సంఖ్య 2³² + 1 కాబట్టి, 2³²ను 'ప'తో భాగిస్తే శేషం −1 (అంటే ఒకటి కలిపితే శేషం సున్నా), దాని వర్గమైన 2⁶⁴కు శేషం 1. అంటే 2 ఘాతాల శేషాలు సరిగ్గా 64 అడుగులకోసారి మొదటికొస్తాయి. మరోపక్క, 2ను 'ప−1' ఘాతానికి పెంచినా శేషం 1 అని ఒక సిద్ధాంతం చెబుతుంది. కాబట్టి 'ప−1' తప్పకుండా 64 గుణిజం కావాలి. ఇక మిగిలిన ప్రధాన సంఖ్యలు 193, 257, 449, 577, 641... అయిదో ప్రయత్నానికే పని పూర్తి!

నాకు మనసులో గుచ్చుకునేది ఇక్కడే. ఆ సిద్ధాంతం ఫెర్మాదే. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టయింది ఆయన పని.

641 భాగిస్తుందని భాగహారం చెయ్యకుండానే చూడొచ్చు. 641 అంటే 5 × 128 + 1. 128 అంటే 2⁷ కాబట్టి 5 × 2⁷కు శేషం −1. నాలుగో ఘాతానికి పెంచితే 5⁴ × 2²⁸కు శేషం 1. అదే 641ని 625 + 16 అని, అంటే 5⁴ + 2⁴ అని కూడా రాయొచ్చు. అందువల్ల 5⁴ బదులు −2⁴ పెట్టుకోవచ్చు. అప్పుడు −2³²కు శేషం 1 అవుతుంది, అంటే 2³² + 1లో శేషం సున్నా. ఒకే సంఖ్యను రెండు రకాలుగా విడదీసి చూడటమే ఇందులోని అందమంతా. ఓసారి కాగితం మీద మీరే చేసి చూడండి.

65537 తర్వాత ఈ వరసలో ఇంకో ప్రధాన సంఖ్య ఇప్పటిదాకా దొరకలేదు. ఏడోది, అంటే 2⁶⁴ + 1, 20 అంకెల సంఖ్య, 18446744073709551617. 1880లో ఫ్రాన్స్ గణితజ్ఞుడు లాండ్రీ దానికి 274177 అనే భాజకాన్ని కనిపెట్టాడు. పై తర్కం ప్రకారం ఈసారి 64 బదులు 128 రావాలి. 274177లోంచి ఒకటి తీసేసి 128తో భాగిస్తే సరిగ్గా 2142.