కన్సర్వేషన్: ఒక మాట, రెండు అర్థాలు

ఫిజిక్స్ పాఠంలో 'శక్తి నిత్యత్వ నియమం' అని చదువుకుంటాం. కరెంటు వృథా చేయొద్దని చెప్పేటప్పుడు 'ఇంధన పొదుపు' అంటాం. అడవుల దగ్గరికి వచ్చేసరికి 'సంరక్షణ' అంటాం. ఇంగ్లిష్‌లో ఈ మూడింటికీ ఒకటే మాట, కన్సర్వేషన్. తెలుగు దాన్ని విడదీసి మంచి పనే చేసింది. ఎందుకంటే పొదుపుగా వాడుకోవడం, ముట్టుకోకుండా కాపాడటం ఒకే మాటలో ఇరుక్కోవడం వల్ల పెద్ద తగాదాలే జరిగాయి.

దీని మూలం లాటిన్ 'సెర్వారే'. కనిపెట్టుకుని ఉండటం, కాచుకోవడం అని అర్థం. ముందు 'కన్' చేరితే ఆ కాపలా ఇంకాస్త గట్టిపడుతుంది, మన 'రక్షణ'కు 'సం' చేరినట్టు. రిజర్వ్, ప్రిజర్వ్, అబ్జర్వ్ కూడా ఈ ఇంటి పిల్లలే. ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దం చివర్లో ఈ మాట ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఉన్నది చెడకుండా చూసుకోవడం, అంతే అప్పటి అర్థం.

అడవులతో దీని ముడి గట్టిగా పడింది మన దగ్గరే. బ్రిటిష్ నౌకాదళానికి ఓడలు కట్టడానికి టేకు కావాలి. అందుకోసం 1806లో మలబారు, తిరువాన్కూరు అడవులకు కెప్టెన్ వాట్సన్‌ను 'కన్సర్వేటర్'గా వేశారు. పేరుకు సంరక్షకుడు, చేసే పని కలప సరఫరా. రైతులు, కలప వ్యాపారులు మొత్తుకోగా 1823లో మద్రాసు గవర్నర్ థామస్ మన్రో ఆ పదవినే ఎత్తేశారు. కానీ పద్ధతి పోలేదు. 1864లో జర్మన్ అటవీ నిపుణుడు బ్రాండిస్ నాయకత్వంలో అటవీ శాఖ వచ్చింది, 1878 చట్టంతో 'రిజర్వు' అడవులు గట్టిగా పాతుకున్నాయి. అంతవరకు ఆ అడవిలో పశువులను మేపుకున్నవాళ్లు, వంటచెరకు తెచ్చుకున్నవాళ్లు అనుమతి అడగాల్సిన వాళ్లయ్యారు. కాపాడటం అనే మాట వాళ్ల చెవికి ఎలా వినిపించి ఉంటుందో తలచుకుంటే బాధేస్తుంది.

ఈ పేరే సముద్రం దాటింది. 1907లో అమెరికా అటవీ శాఖ అధిపతి గిఫర్డ్ పించో తన విధానానికి ఒక పేరు వెతుకుతున్నారు. వాషింగ్టన్‌లోని రాక్ క్రీక్ పార్కులో గుర్రం మీద వెళ్తుండగా అడవులు, నేలలు, నీళ్లు, గనులు అన్నీ ఒకే సమస్య అని తట్టిందని ఆయన ఆత్మకథలో రాసుకున్నారు. ఇండియాలో ప్రభుత్వ అడవులను 'కన్సర్వెన్సీలు' అంటారు కదా అన్న ఆలోచనతో 'కన్సర్వేషన్' ఖాయమైంది. ఆయన దృష్టిలో దాని అర్థం తెలివిగా వాడుకోవడం.

అడవులను ఉన్నవి ఉన్నట్టే ఉంచాలనే అమెరికా ప్రకృతి రచయిత జాన్ మ్యూర్‌కు అది సరిపోలేదు. యోసెమిటీ నేషనల్ పార్కులోని హెచ్ హెచీ లోయను శాన్‌ఫ్రాన్సిస్కో తాగునీటి కోసం ముంచాలన్నప్పుడు పించో సరేనన్నారు, మ్యూర్ చివరిదాకా అడ్డుపడ్డారు. 1913లో అనుమతి వచ్చింది. మరుసటి ఏడే మ్యూర్ కన్నుమూశారు. ఆ లోయ ఈరోజుకీ నీళ్ల కిందే ఉంది.

1948లో పుట్టిన అంతర్జాతీయ ప్రకృతి సంస్థ పేరులో మొదట 'ప్రొటెక్షన్' ఉండేది. 1956లో తీసేసి 'కన్సర్వేషన్' పెట్టుకున్నారు. నేటి ఐయూసీఎన్ అదే. మనం ఆ రెండు మాటలకూ 'పరిరక్షణ' అనే రాసుకుంటాం కాబట్టి ఏం మారిందో తెలుగులో కనబడనే కనబడదు.