చేపల రేవుకు జనం రావాలంటే బోట్లు పోవాలా?

పాత చేపల రేవులను అందరూ వచ్చి తిరిగే చోటుగా మార్చే డిజైన్ పనిలో ఉన్నాను. ప్రతి ప్రాజెక్టులోనూ వినబడే మాటలు కొన్నున్నాయి.

అపోహ: చేపల పని సాగుతుంటే అక్కడికి జనం రారు.

వాస్తవం: చాలామంది వచ్చేదే ఆ పని చూడటానికి. న్యూజిలాండ్ నగరం ఆక్లండ్‌లోని విన్‌యార్డ్ క్వార్టర్ ఒకప్పుడు ఆయిల్ ట్యాంకుల ప్రాంతం. 2011లో అందులో కొంత భాగాన్ని ప్రజలకు తెరిచినప్పుడు చేపల బోట్లను అక్కడే ఉండనిచ్చారు, పాత సిమెంట్ సైలోల (సిమెంట్ నిలవచేసే ఎత్తైన గుండ్రటి కట్టడాల) చుట్టూ పార్కు చేశారు. కెనడా నగరం వాంకూవర్‌లోని గ్రాన్‌విల్ ఐలండ్‌లో 1979లో పబ్లిక్ మార్కెట్ వచ్చాక కూడా కాంక్రీట్ ప్లాంటు నడిచింది.

అపోహ: చేపలుంటే కంపు తప్పదు.

వాస్తవం: ఒక రేవులో తెల్లవారుజామున నాలుగింటికి నిలబడి చూశాను. ఐస్ కరిగిన నీళ్లు పొలుసులతో కలిసి కాలువ జాలీని మూసేశాయి. నేలకు వాలు చాలక ఆ నీళ్లు అక్కడే మడుగు కట్టాయి. కంపంతా ఆ మడుగుదే. రెండడుగుల అవతల, అప్పుడే దించిన పెట్టెల దగ్గర సముద్రపు వాసన తప్ప ఏమీ లేదు. నేలకు సరైన వాలు, వెడల్పాటి కాలువ, కడగడానికి ధారాళంగా నీళ్లు, మూతపడే చెత్త డబ్బాలు: వీటి ఖర్చుకే బడ్జెట్‌లో మొదట కోత పడుతుంది. అది చూస్తే నాకు బాధేస్తుంది.

అపోహ: నీటి అంచున ఫ్లాట్లు కడితేనే గిట్టుబాటు.

వాస్తవం: ఫ్లాటు వెనక వరసలో కట్టినా ఫ్లాటే. బోటు మాత్రం అంచుకే రావాలి. పైగా కిటికీ కింద అర్ధరాత్రి ఇంజిన్ మోగితే కొత్తగా వచ్చినవాళ్లు ఊరుకోరు, ఫిర్యాదులు మొదలవుతాయి. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, పోర్ట్‌లాండ్ రేవులో ఇలాగే ఫ్లాట్లు లేస్తుంటే 1987లో ఊరివాళ్లు ఓటేసి, ఐదేళ్లపాటు నీటి అంచును సముద్రం పనులకే పరిమితం చేశారు.

అపోహ: భద్రత కోసం అంచంతా రెయిలింగ్ కట్టాలి.

వాస్తవం: సరుకు దించే చోట అడ్డు కడితే పని ఆగిపోతుంది. అక్కడ దింపుడు వేళల్లో తెరిచే గేటు పెట్టి, నడిచే దారిని కాస్త వెనక్కి జరిపితే చాలు.

అందుకే కొత్త ప్రాజెక్టులో బెంచీలు, దీపాల సంగతి తర్వాత చూస్తాను. ఐస్ లారీ ఎక్కడ తిరుగుతుంది, వలలు ఎక్కడ ఆరేస్తారు అని బోటువాళ్లనే ముందు అడుగుతాను, అదీ వాళ్లు వేట నుంచి వచ్చి నిద్ర లేచాక.