స్కేలుకు దొరకని గుడి

పిల్లలూ, గ్రీసు దేశంలో ఏథెన్స్ నగరం నడుమ అక్రోపోలిస్ అనే రాతి గుట్ట ఉంది. దాని మీదున్న పాలరాతి గుడే పార్థినాన్. ఏథెన్స్‌ను కాచే దేవత అథీనా కోసం క్రీ.పూ. 447లో పని మొదలుపెట్టి తొమ్మిదేళ్లలో కట్టేశారు. శిల్పాల పని మాత్రం 432 దాకా సాగింది. గుడికి నమూనా ఇచ్చినవాళ్లు ఇక్టినస్, కాలిక్రటీస్.

ముందూ వెనకా 8 చొప్పున, రెండు పక్కలా 17 చొప్పున స్తంభాలు. కూడితే 50 రావాలి, కానీ నిజంగా ఉన్నవి 46. ఎందుకో తెలిసిందా? మూలల్లోని నాలుగింటినీ మనం రెండేసిసార్లు లెక్కపెట్టాం!

ఫోటోలో చూస్తే గుడంతా స్కేలు పెట్టి గీసినట్టుంటుంది. దగ్గరికెళ్లి కొలిస్తే కథ వేరు. సుమారు 70 మీటర్ల పొడవున్న అరుగు, నడిమధ్యకు వచ్చేసరికి చివరలకన్నా 11 సెంటీమీటర్లు ఎత్తుగా ఉంటుంది. అరుగు ఒక చివర ఫుట్‌బాల్ పెట్టి, రెండో చివర నేలకు కన్ను ఆనించి చూడండి. బంతి కనబడదు, నడుమ ఉబ్బు అడ్డొస్తుంది. ఆ వంపు వల్లే వాన నీళ్లు నిలవకుండా జారిపోతాయి.

స్తంభాలూ అంతే. పది మీటర్లకు పైగా ఎత్తున్న ఒక్కో స్తంభం పైకి పోయేకొద్దీ సన్నబడుతుంది, కానీ ఆ అంచు తిన్నగా కాక కాస్త ఉబ్బుగా సాగుతుంది. బరువు మోస్తున్న మనిషి కండలా నాకు అనిపిస్తుంది. పైగా అన్నీ లోపలికి రవ్వంత వాలి ఉంటాయి. వాటిని అలాగే పైకి పెంచుకుంటూ పోతే రెండు కిలోమీటర్లకు పైన ఆకాశంలో కలుసుకుంటాయి!

ఇన్ని వంపులుంటే ఏ రాయిని ఎక్కడ పడితే అక్కడ పెట్టడం కుదరదు. ప్రతి రాయినీ దాని చోటుకు తగ్గట్టే చెక్కారు. సున్నం వాడలేదు. రాయికీ రాయికీ ఇనుప పట్టీలు వేసి, చుట్టూ సీసం కరిగించి పోశారు. గాలీ నీరూ తగలకపోతే ఇనుము తుప్పు పట్టదని వాళ్లకు తెలుసు.

1687లో ఇక్కడ దాచిన తుపాకీమందు యుద్ధంలో పేలి గుడి నడుమ భాగం కూలింది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో బాగుచేసినవాళ్లు సీసం లేకుండా ఇనుము వాడారు. అది తుప్పుపట్టి ఉబ్బి పాలరాతిని పగలగొట్టింది. ఇప్పుడు ఆ ఇనుము తీసేసి, తుప్పు పట్టని టైటానియం అనే లోహం పెడుతున్నారు. కింద పడ్డ ముక్కల కొలతలు చూసి, ఏది ఏ చోటిదో పోల్చుకుంటున్నారు.