వాచీ లెక్కపెట్టేది గుండెనా, అడుగులనా?

తెల్లవారుజామున విశాఖ ఆర్‌కే బీచ్ రోడ్డు మీద పరిగెత్తేవాళ్లు సముద్రం కన్నా చేతి వాచీనే ఎక్కువసార్లు చూస్తుంటారు. కాళీమాత గుడి దగ్గర గుండె వేగం నిమిషానికి 125 అని చూపించిన వాచీ, కురుసుర జలాంతర్గామి మ్యూజియం దాటేసరికి 168 అంటుంది. పక్కనున్న స్నేహితుడితో కబుర్లాడుతూ నిదానంగా పరిగెత్తే మనిషికి 168 ఏమిటి? చాలాసార్లు అది గుండె లెక్క కాదు, పాదాల లెక్క.

వాచీ గుండె చప్పుడు వినదు. అడుగున ఉన్న పచ్చ లైటు చర్మంలోకి వెలుగు పంపుతుంది. రక్తంలోని హిమోగ్లోబిన్ ఆ వెలుగును బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టిన ప్రతిసారీ మణికట్టులో రక్తం కాస్త పెరిగి, వెనక్కొచ్చే వెలుగు తగ్గుతుంది. ఆ తగ్గుదలలను లెక్కపెట్టడమే దాని పని. కూర్చున్నప్పుడు, నిద్రలో ఇది బాగానే కుదురుతుంది.

పరుగులోనే చిక్కు. అడుగు పడి చెయ్యి అదిరినప్పుడల్లా వెలుగు కూడా అదే తీరులో మారుతుంది. పరిగెత్తేవాళ్ల అడుగులు సాధారణంగా నిమిషానికి 150 నుంచి 180 దాకా ఉంటాయి. గట్టిగా పరిగెత్తితే గుండె వేగమూ అక్కడికే చేరుతుంది. కదలికను పట్టే సెన్సర్‌తో అడుగుల లయను ఏరేయాలని వాచీ చూస్తుంది గానీ, ఒక్కోసారి దాన్నే పట్టుకు కూర్చుంటుంది. దానికి తోడు మన విశాఖ ఉక్కపోత! చెమటకు పట్టీ జారి, వాచీకీ చర్మానికీ మధ్య సందు వస్తే లెక్క ఇంకా చెడుతుంది. మణికట్టు ఎముకకు వేలెడు పైన, కదలకుండా బిగించాలి.

చామనచాయ ఒంటి మీద ఈ వాచీలు పనిచేయవన్న మాట కూడా వినిపిస్తుంది. 2020లో డ్యూక్ విశ్వవిద్యాలయం వాళ్లు పరీక్షిస్తే చర్మం రంగు వల్ల చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. తేడా తెచ్చింది కదలికే. పచ్చబొట్టు మాత్రం వెలుగుకు అడ్డొస్తుంది.

కచ్చితమైన అంకె కావాలంటే ఛాతీకి కట్టే పట్టీ మేలు. అది ఈసీజీ లాగే గుండె విద్యుత్తును నేరుగా పట్టుకుంటుంది. అదీ లేకపోతే ఆగిన వెంటనే బొటనవేలి వైపు నాడి మీద రెండు వేళ్లు పెట్టి, 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. ఆలస్యం చేస్తే వేగం పడిపోతుంది.

ఇక కేలరీలు. 2017లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు ఏడు రకాల పట్టీలు, వాచీలు పరీక్షిస్తే, ఆరింటిలో గుండె వేగం తప్పు 5 శాతం లోపే. కేలరీల్లో మాత్రం అన్నిటికన్నా మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పింది. వాచీ 400 కేలరీలు ఖర్చయ్యాయంది కదా అని బీచ్‌లో ఇంకో పొట్లం ముంత మసాలా కొనేవాళ్లు ఈ రెండో అంకెనే చూసుకోవాలి.