మైక్రోస్కోప్ అటకెక్కకుండా: కొన్ని అపోహలు - వాస్తవాలు

పిల్లలకు మైక్రోస్కోప్ వాడటం నేర్పడం నా పని. "కొన్న కొత్తలో వదల్లేదండీ, ఇప్పుడు ముట్టుకోవడమే లేదు" అన్న మాట తరచూ వింటుంటాను. పిల్లలకు ఓపిక లేదని తేల్చేసే ముందు ఇవి చూడండి.

అపోహ: ఎన్ని రెట్లు పెద్దదిగా చూపిస్తే అంత మంచిది.

పెట్టె మీద 1200 అని చూసి మురిసిపోకండి. స్లైడ్ దగ్గర ఉండే మామూలు 40 ఎక్స్ లెన్స్‌తో ఐపీస్ (కంటి దగ్గర ఉండే లెన్స్) కలిపి సుమారు 650 రెట్లు దాటితే కొత్త వివరమేమీ రాదు, మసకే పెద్దదవుతుంది. పైగా రెట్లు పెరిగేకొద్దీ కనిపించే మేర తగ్గిపోతుంది. 40 రెట్ల దగ్గర నాలుగున్నర మిల్లీమీటర్ల వెడల్పు కనిపిస్తే, 400 దగ్గర అర మిల్లీమీటరు కూడా ఉండదు. దానికి తోడు బొమ్మ తలకిందులు: స్లైడ్ కుడికి జరిపితే లోపలిది ఎడమకి పరుగెడుతుంది. అంత ఇరుకులో ఈదే జీవిని ఎనిమిదేళ్ల పిల్ల ఎక్కడని వెతుకుతుంది? విసుగు పుట్టేది అక్కడే. ముందు తక్కువ రెట్ల లెన్స్, అంటే 4 ఎక్స్‌తో వెతకనివ్వండి. దొరికినదాన్ని సరిగ్గా మధ్యకు తెచ్చాకే 10 ఎక్స్‌కు మారాలి.

అపోహ: సెట్‌తో వచ్చిన స్లైడ్లు చాలు.

ఈగ కాలు ఎన్నిసార్లు చూసినా ఈగ కాలే. కదిలేవి చూపించండి. గ్లాసెడు కుంట నీళ్లలో కాసిని ఎండుగడ్డి పరకలు వేసి నాలుగైదు రోజులు నీడన ఉంచండి. కంపు కొడుతుంది, భరించాలి. (చేతులు కడుక్కోవడం మరవద్దు.) అందులోంచి ఒక చుక్క తీసి చూస్తే, చెప్పు ఆకారంలో ఉండే పారమీసియంలు అనే ఏకకణ జీవులు తరచుగా కనిపిస్తాయి, గిర్రున తిరుగుతూ పోతుంటాయి. దేనికైనా కొట్టుకుంటే వెనక్కి తగ్గి, కాస్త పక్కకు తిరిగి మళ్లీ బయల్దేరతాయి. చుక్కలో రెండు దూది పోగులు వేస్తే వాటి మధ్య ఇరుక్కుని నెమ్మదిస్తాయి. ఒక పాప అరగంట సేపు అదే చూసి, "దారి మర్చిపోయిందా?" అనడిగింది. నేను జవాబు చెప్పలేదు. మరుసటి వారం తనే ఇంకో పోగు అడ్డంగా వేసి చూసింది.

అపోహ: కనిపించింది ఏమిటో పెద్దవాళ్లు వెంటనే చెప్పాలి.

పేరు చెప్పేస్తే చూడటం ఆగిపోతుంది. ముందు బొమ్మ గీయమనండి. 1670ల్లో సొంతంగా మైక్రోస్కోపులు చేసుకున్న డచ్ వ్యాపారి లేవెన్‌హుక్ నీటి చుక్కలో జీవుల్ని చూసినప్పుడు వాటికి పేర్లే లేవు.

అపోహ: పాడుచేస్తారు, దాచిపెట్టాలి.

గుడ్డ కప్పి టేబుల్ మీదే ఉంచండి. కవర్ స్లిప్పులు (స్లైడ్ మీది చుక్కను కప్పే పల్చని గాజు ముక్కలు) పగిలేది ఎక్కువగా ఫోకస్ చేసేటప్పుడు. పక్కనుంచి చూస్తూ లెన్స్‌నూ స్లైడ్‌నూ దగ్గరకు తెచ్చి, ఆ తర్వాత ఐపీస్‌లో చూస్తూ దూరం జరపడం మాత్రమే నేర్పండి. అడుగున అద్దం ఉన్న రకమైతే దాన్ని సూర్యుడి వైపు తిప్పనివ్వకండి, కళ్లు పోతాయి. నేను గట్టిగా వద్దనేది అదొక్కటే.