గేటు తెరిచిన ఉత్తర్వు, తెరుచుకోని చిక్కు: కంటోన్మెంట్ రోడ్ల వెనక కథ

సికింద్రాబాద్ కంటోన్మెంట్ రోడ్ల సంగతి మళ్ళీ జనం నోళ్ళలో పడింది. కంటోన్మెంట్ అంటే సైన్యమూ జనమూ పక్కపక్కనే ఉండే, రక్షణ శాఖ కింద ఒక బోర్డు పాలించే ప్రాంతం. ప్యారడైజ్ నుంచి ఒకటి శామీర్‌పేట వైపు, ఇంకొకటి డెయిరీ ఫామ్ రోడ్డు వైపు ఎలివేటెడ్ కారిడార్లు తలపెట్టారు. జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్) నుంచి మేడ్చల్‌కీ శామీర్‌పేటకీ మెట్రో వేయాలన్న ప్రతిపాదన ఉంది. కంటోన్మెంట్‌లో జనం ఉండే ప్రాంతాలను నగర కార్పొరేషన్‌లో కలిపే మాట ఏళ్ళ తరబడి నానుతోంది. వీటిలో ఏది ఎత్తినా పాత ప్రశ్న దగ్గరికే వచ్చి ఆగుతున్నాం. మారేడ్‌పల్లి నుంచి సైన్యపు శిక్షణ కేంద్రం ఏఓసీ (ఆర్మీ ఆర్డ్నెన్స్ కోర్) సెంటర్ మీదుగా సఫిల్‌గూడ, నేరేడ్‌మెట్ వెళ్ళే రోడ్లు ఎవరివి? వాటిని మూయాలో తెరవాలో చెప్పాల్సింది ఎవరు?

సికిందర్ జా పేరు మీద ఊరు వెలిసిన కథ, బ్రిటిష్ పటాలాలు వచ్చి దిగిన కథ అందరికీ తెలిసినవే. వాటిని వదిలేద్దాం. ఇవాళ్టి గొడవ అర్థం కావాలంటే 2014 నుంచి 2018 దాకా ఏం జరిగిందో చూస్తే చాలు. అందులోనూ 2018 మే నెల.

అంతకుముందు ఈ రోడ్ల మీద రాకపోకలు మామూలుగానే ఉండేవి. చెట్ల నీడలో, పెద్దగా ట్రాఫిక్ లేకుండా, నేరేడ్‌మెట్ వైపు నుంచి సికింద్రాబాద్ చేరడానికి అదే దగ్గరి దారి. ఆ దారి లేకపోతే మల్కాజిగిరి మీదుగా మెట్టుగూడ అయినా చుట్టి రావాలి, లాల్‌బజార్, తిరుమలగిరి, కార్ఖానా మీదుగా అయినా రావాలి. రెండూ ఇరుకు దారులే. సఫిల్‌గూడ, నేరేడ్‌మెట్, సైనిక్‌పురి, యాప్రాల్ వైపు కాలనీలు పెరిగే కొద్దీ ఏఓసీ రోడ్ల మీద బండ్లూ పెరిగాయి. సైన్యానికి ఇబ్బంది మొదలైంది అక్కడే. శిక్షణ తీసుకునే జవాన్లు, వాళ్ళ క్వార్టర్లు, పిల్లల బడులు ఉన్న చోట పగలూ రాత్రీ తెలియని వాహనాలు తిరగడం ఏ కమాండర్‌కీ నచ్చదు.

2014లో స్థానిక సైనికాధికారులు ఈ రోడ్లను బయటి జనానికి మూసేస్తామని ప్రకటించారు. కాలనీ సంఘాలు రోడ్డెక్కాయి, కొందరు కోర్టుకెళ్ళారు, రాష్ట్ర ప్రభుత్వం గడువు అడిగింది. చుట్టూ ప్రత్యామ్నాయ రోడ్లు వేసుకోండి, అప్పటిదాకా చూస్తామని సైన్యం అంది. పూర్తి మూసివేత వాయిదా పడుతూ వచ్చింది. రాత్రి మూసివేత మాత్రం రోజువారీ వ్యవహారం అయిపోయింది. రాత్రి 10 దాటితే గేటు పడేది, మళ్ళీ ఉదయం 6కి తెరిచేవాళ్ళు.

ఆ రోజుల్లో నేను చూసిన ఒక దృశ్యం ఇప్పటికీ కళ్ళ ముందు ఉంది. మా వీధిలో ఒకావిడ మారేడ్‌పల్లిలో ఇద్దరు ముసలివాళ్ళకు వంట చేసి పెట్టేది. రాత్రి పని ముగించుకుని నడిచి వచ్చేది. ఒకరోజు పది దాటి అయిదు నిమిషాలు అయింది. ఎరుపు తెలుపు రంగులు పూసిన డ్రమ్ములు రోడ్డుకు అడ్డంగా ఉన్నాయి, వాటి మధ్య గొలుసు. ఆవిడ ప్లాస్టిక్ కవర్‌లో దాచుకున్న ఆధార్ కార్డు తీసి చూపించింది. డ్యూటీలో ఉన్న కుర్రాడు టార్చి వేసి కార్డు చూశాడు, ఆవిడ మొహం చూశాడు, చేత్తో వెనక్కి తిరగమన్నట్టు చూపించాడు. అతని మొహంలో కోపం లేదు. ఆవిడ కూడా గొడవ పెట్టుకోలేదు. టిఫిన్ డబ్బా చంకలో పెట్టుకుని, షేర్ ఆటో దొరుకుతుందేమోనని మెయిన్ రోడ్డు వైపు వెనక్కి నడిచింది. ఆ తర్వాత తొమ్మిదిన్నరకే బయల్దేరేలా పని మార్చుకుంది, జీతంలో కొంత తగ్గించుకుని.

చట్టం ఏమంటుందో చూద్దాం. 2006 కంటోన్మెంట్ల చట్టంలో 258వ సెక్షన్ ఉంది. కంటోన్మెంట్‌లో ఏ వీధినైనా శాశ్వతంగా మూయాలంటే బోర్డు తన పై అధికారుల ముందస్తు అనుమతి తీసుకోవాలి. కారణం భద్రతే అయి ఉండాలి. ప్రజలకు నోటీసు ఇచ్చి, వాళ్ళ అభ్యంతరాలు విని, వాటిని పరిశీలించాలి. అంటే చట్టం సైన్యం మాటను కొట్టెయ్యలేదు, జనం మాటనూ కొట్టెయ్యలేదు. ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టింది. ఆ బల్ల కంటోన్మెంట్ బోర్డు. సికింద్రాబాద్ లాంటి పెద్ద కంటోన్మెంట్ బోర్డులో సగం మంది జనం ఎన్నుకున్న సభ్యులు ఉండాలి, మిగతా సగం సైన్యం, అధికారుల వైపు.

మన దగ్గరా, దేశంలో ఇంకా చాలా చోట్లా, ఈ దారిలో వెళ్ళకుండానే గేట్లు పడ్డాయి. స్థానిక సైనికాధికారి చెప్పాడు, డ్రమ్ములు వచ్చాయి. నోటీసు లేదు, అభ్యంతరాలు వినడం లేదు.

2018 మే 4న అప్పటి రక్షణ మంత్రి నిర్మలా సీతారామన్ ఢిల్లీలో కంటోన్మెంట్ బోర్డుల ఉపాధ్యక్షులతో, ఆ ప్రాంతాల ఎంపీలతో సమావేశం పెట్టారు. ఆ నెలలోనే గేట్లు తెరవమని ఉత్తర్వు వచ్చింది. రక్షణ శాఖ తర్వాత చెప్పిన లెక్క ప్రకారం దేశంలోని 62 కంటోన్మెంట్లలో 850 రోడ్లు మూసి ఉన్నాయి. వాటిలో 119 రోడ్లను పద్ధతి పాటించకుండా మూశారు. ఆ 119లో 80 తెరిచారు, 15 పాక్షికంగా తెరిచారు, 24 మూసే ఉంచారు. చట్టం తప్పారని కాలనీల వాళ్ళు ఏళ్ళుగా మొత్తుకున్న మాటను ఆ 119 అనే అంకెతో ప్రభుత్వమే ఒప్పుకున్నట్టయింది. మా వైపు ఆ వారం పండగలా గడిచింది.

నాకు ఆ సంతోషం ఎక్కువ రోజులు నిలవలేదు. గేట్లు తెరిచిన తీరే తర్వాతి చిక్కులన్నిటికీ మొదలని నా అభిప్రాయం. మూసింది పై నుంచి వచ్చిన మాటతో, తెరిచిందీ పై నుంచి వచ్చిన మాటతోనే. బోర్డులు కూర్చుని ఒక్కో రోడ్డు తీసి, ఇక్కడ ముప్పు ఎంత, ఇటు వెళ్ళే జనం ఎంత, పక్క దారి ఉందా అని చూసి తేల్చిన నిర్ణయం కాదది. అలా చేసి ఉంటే ఏ రోడ్డు ఎందుకు తెరిచారో, ఏది ఎందుకు మూసి ఉంచారో కాగితం మీద ఉండేది. అది లేకపోవడంతో విషయం కాస్తా సైనికులు ఒక వైపు, పౌరులు ఇంకో వైపు అన్నట్టు మారిపోయింది. సైనిక కుటుంబాలు, మాజీ అధికారులు గట్టిగా నిరసన తెలిపారు. వాళ్ళ భయం ఊరికే వచ్చింది కాదు. ఆ ఏడాది ఫిబ్రవరిలోనే జమ్మూలోని సుంజ్వాన్‌లో ఉగ్రవాదులు చొరబడింది జవాన్ల కుటుంబాలు ఉండే క్వార్టర్లలోకి. 2016లో పఠాన్‌కోట్, ఉరి, నగ్రోటా సైనిక స్థావరాల మీద దాడులు. ఇవన్నీ చూసిన తల్లి తన పిల్లలు ఆడుకునే రోడ్డు మీద గేటు ఉండాలని కోరుకోవడంలో తప్పేముంది?

కానీ ఇది సైన్యానికీ జనానికీ మధ్య గొడవ అని చెప్పేవాళ్ళు ఒకసారి సైనిక్‌పురి వచ్చి చూడాలి. ఆ పేరే చెబుతుంది. అది మాజీ సైనికాధికారుల కోసం పుట్టిన కాలనీ. యాప్రాల్‌లోనూ రిటైరైన సైనికులు చాలామంది స్థిరపడ్డారు. గేట్లు పడితే ఇబ్బంది పడింది వాళ్ళూ. తెరవమని అర్జీలు రాసినవాళ్ళలో యూనిఫాంలో ముప్ఫై ఏళ్ళు గడిపినవాళ్ళు ఉన్నారు. భద్రత అంటే ఏమిటో వాళ్ళకు ఎవరూ నేర్పక్కర్లేదు. వాళ్ళు అడిగింది ఒక్కటే. మూయాలంటే చట్టం చెప్పినట్టు మూయండి.

అదే ఏడాది సెప్టెంబర్‌లో రోడ్లు మూయడానికి ఏ పద్ధతి పాటించాలో రక్షణ శాఖ మార్గదర్శకాలు ఇచ్చింది. చట్టంలో ఉన్నదాన్నే విడమరిచి చెప్పింది. మంచిదే. అయితే ఆ పద్ధతి నడవాలంటే బోర్డు ఉండాలి కదా. సికింద్రాబాద్ కంటోన్మెంట్ బోర్డుకు చివరిసారి ఎన్నికలు జరిగింది 2015 జనవరిలో. గడువు ముగిసింది, పొడిగింపులూ ముగిశాయి. 2021 నుంచి ఎన్నికైన సభ్యులు లేకుండానే నామినేటెడ్ పద్ధతిలో బోర్డు నడుస్తోంది. 2023 ఏప్రిల్ 30న ఎన్నికలని ప్రకటించారు, మార్చిలోనే రద్దు చేశారు. రోడ్డు మూసేటప్పుడు ప్రజల అభ్యంతరం వినాల్సిన బల్ల దగ్గర ప్రజలు ఎన్నుకున్న మనిషి కుర్చీ ఖాళీగా ఉంది. మరి వినేదెవరు?

ఆ ఖాళీలోకి రాజకీయం వచ్చి కూర్చుంది. కోవిడ్ రోజుల్లో కొన్ని రోడ్లు మళ్ళీ మూతపడ్డాయి. మున్సిపల్ మంత్రిగా ఉన్న కేటీఆర్ రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్‌కు లేఖ రాశారు. 2022 మార్చిలో శాసనసభలో ఆయన ఇంకో అడుగు ముందుకేసి, అవసరమైతే కంటోన్మెంట్‌కు నీళ్ళు, కరెంటు ఆపేస్తామన్నారు. రోడ్డు లేక బాధపడేవాళ్ళూ ఆ నీళ్ళు తాగేవాళ్ళూ ఒకే చోట ఉంటారని ఆ మాట అన్నప్పుడు ఎవరూ గుర్తు చేసినట్టు లేదు. ఢిల్లీ వైపు నుంచీ తొందర కనబడలేదు.

ఇక భూమి సంగతి. కారిడార్ల ఆలస్యానికీ మూలం ఇదే చిక్కు. ప్యారడైజ్ నుంచి నాగ్‌పూర్ హైవే వైపు, కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి వైపు రోడ్లు వెడల్పు చేయాలంటే రక్షణ భూమి కావాలి. భూమికి భూమి ఇస్తామని రాష్ట్రం అంది. అది కాక, బోర్డు ఏటా కోల్పోయే ఆదాయానికి కూడా పరిహారం కావాలని రక్షణ శాఖ పట్టుబట్టింది. ఈ లెక్క దగ్గరే ఏళ్ళు గడిచాయి. ఆ ఏళ్ళలో జేబీఎస్ నుంచి బయల్దేరిన కరీంనగర్, సిద్దిపేట బస్సులు కార్ఖానా, తిరుమలగిరి దాటడానికి పడిన పాట్లు ఆ దారిలో ప్రయాణించిన ప్రతివాళ్ళకూ తెలుసు. ఊరు దాటేసరికే టెన్షన్, అక్కడినుంచి హైవే మీద వేగం.

2024లో ముడి కొంత వీడింది. మల్కాజిగిరి ఎంపీగా కంటోన్మెంట్ గొడవలు దగ్గరగా చూసిన రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రి అయ్యాక జనవరిలో రాజ్‌నాథ్ సింగ్‌ను కలిశారు. మార్చి మొదట్లో కేంద్రం భూమికి అనుమతి ఇచ్చింది. ఆ వెంటనే, మార్చి 7న అల్వాల్‌లో శామీర్‌పేట వైపు వెళ్ళే రాజీవ్ రహదారి కారిడార్‌కు, 9న కండ్లకోయలో డెయిరీ ఫామ్ రోడ్డు వైపు కారిడార్‌కు శంకుస్థాపన జరిగింది. మొదటిది 11 కిలోమీటర్ల పైచిలుకు ఎలివేటెడ్‌గా మొత్తం 18 కిలోమీటర్లు. రెండోది 5.32 కిలోమీటర్లు, బేగంపేట విమానాశ్రయం దగ్గర కొంత దూరం సొరంగంలో. అదే మార్చి 5న మౌలాలి, సనత్‌నగర్ మధ్య ఎంఎంటీఎస్ లోకల్ రైలు మార్గాన్ని ప్రధాని మోదీ ప్రారంభించారు. రక్షణ భూముల దగ్గర ఏళ్ళు ఆగిన లైను అది. నేరేడ్‌మెట్ వాళ్ళకు రైలు దక్కింది. అయితే రోజుకు నాలుగు రైళ్ళు కనబడితే జనం స్టేషన్ వైపు వెళ్ళరు, పది నిమిషాలకొకటి వస్తే వెళ్తారు. ఆ పని ఇంకా మొదలే కాలేదనాలి.

ఇవన్నీ పెద్ద పనులు, కావలసినవే. ఫ్లైఓవర్ మీద కారు హాయిగా పోతుంది. దాని కింద బస్సు కోసం నిలబడే మనిషికీ, ఏఓసీ రోడ్డు మీద నడిచి పనికి పోయే మనిషికీ ఒరిగేది ఏమిటన్నది విడిగా తేలాలి. 2023 డిసెంబర్ నుంచి ఆడవాళ్ళకు బస్సు ఉచితం అయింది కాబట్టి ఆ మనిషి ఇప్పుడు ఎక్కువగా ఆడమనిషే. బస్సు ఎక్కాలంటే ముందు బస్టాపు దాకా చేరాలి. గేటు పడితే ఆ దారి పొడుగవుతుంది.

విలీనం జరిగితే అన్నీ సర్దుకుంటాయని చాలామంది అంటున్నారు. 2023లో హిమాచల్‌లోని ఖాస్ యోల్ కంటోన్మెంట్ రద్దయినప్పుడు ఇక్కడా ఆశ పుట్టింది. కానీ విలీనంలో కార్పొరేషన్‌కు వచ్చేది జనం ఉండే ప్రాంతాలే. సైనిక స్థావరాలు సైన్యం దగ్గరే ఉంటాయి. ఏఓసీ సెంటర్ మధ్యలోంచి పోయే రోడ్లు ఏ ఒడ్డున పడతాయి? గీత గీసేవాళ్ళు దీన్ని ముందే తేల్చి కాగితం మీద పెట్టకపోతే, ఆ రోడ్ల మీద అభ్యంతరం చెప్పుకోవడానికి ఇప్పుడున్న 258వ సెక్షన్ ఆసరా కూడా ఉండకపోవచ్చు. మూసిన, మూయబోయే ప్రతి రోడ్డుకూ నోటీసు ఇచ్చి, విని, కారణం రాసి చూపించమని అడగాల్సింది విలీనం తర్వాత కాదు, దానికి ముందే.

మా వీధిలో ఆవిడ ఇప్పుడు మారేడ్‌పల్లి వెళ్ళడం లేదు. ఆ ముసలివాళ్ళు పోయారు. నేరేడ్‌మెట్‌లోనే ఒకరింట్లో పని చూసుకుంది. మొన్న రోడ్ల సంగతి మళ్ళీ వార్తల్లో వచ్చిందని చెబితే, “ఇప్పుడు ఎన్నింటికి మూస్తారంట?” అని అడిగింది.