బేస్‌మెంట్ మురుగు పంపు: మోటార్‌ని తిట్టేముందు

అమెరికాలో చలి ప్రాంతాల్లో ఇల్లు కొన్న మనవాళ్లు చాలామంది బేస్‌మెంట్‌లో ఒక బాత్రూమ్, పోపు వాసన పైకి రాకుండా రెండో వంటగది కట్టించుకుంటారు. కానీ నీరు పల్లమెరుగు. వీధి మురుగు పైపు తరచూ బేస్‌మెంట్ నేల కన్నా ఎత్తులో ఉంటుంది. అక్కడి నీళ్లు వాటంతట అవి ఎక్కలేవు కాబట్టి నేలలో ఒక తొట్టి దించి, అందులో పంపు పెడతారు. వాన నీటి ఊటను బయటికి తోసే సంప్ పంపు వేరు, ఇది వేరు.

పని తీరు తేలికే. తొట్టిలో మట్టం పెరిగితే ఫ్లోట్ అనే తేలే బుడ్డి పైకి లేచి స్విచ్ వేస్తుంది, పంపు మురుగుని పైకి తోస్తుంది, మట్టం తగ్గగానే ఆగిపోతుంది. పైపులో మిగిలిన నీళ్లు వెనక్కి రాకుండా చెక్ వాల్వ్ అడ్డుకుంటుంది.

పంపు ఆగితే అందరూ మోటార్ కాలిపోయిందనే అనుకుంటారు. ముందు అనుమానించాల్సింది ఫ్లోట్‌ని. చాలా పంపులకి ఫ్లోట్ ప్లగ్ సాకెట్‌లో ఉండి, దాని వీపున పంపు ప్లగ్ ఉంటుంది. బ్రేకర్ పడిపోలేదని చూసుకుని, నేల పొడిగా ఉంటేనే ఆ రెండూ విడదీసి పంపుని నేరుగా సాకెట్‌లో పెట్టండి. అది తిరిగి నీళ్లు తోడేస్తే తప్పు ఫ్లోట్‌దే, మోటార్ క్షేమం. నీళ్లు తగ్గగానే ప్లగ్ తీసేయండి, ఎందుకంటే చాలా మోటార్లని చల్లబరిచేది చుట్టూ ఉన్న ఆ నీళ్లే. గుంయ్‌మని మోగుతున్నా తిరగకపోతే లోపల ఏదో ఇరుక్కుని ఉండొచ్చు. ఎవరూ నీళ్లు వాడకపోయినా ఆగిన కాసేపటికే మళ్లీ మొదలవుతుంటే చెక్ వాల్వ్ పట్టడం లేదు. నేల మీద నీళ్లు నిలిచి ఉంటే మాత్రం ఏ ప్లగ్గూ ముట్టుకోకండి, ప్లంబర్‌ని పిలవండి.

ఇరుక్కునేది ఎక్కువగా వైప్స్, అంటే తుడుచుకునే తడి గుడ్డలు. టాయిలెట్ పేపర్‌లోని పొట్టి పోగులు నీళ్లు తగలగానే విడిపోతాయి. వైప్స్‌ని తడిలోనూ చిరగకుండా ఉండేలా పొడుగు పోగులు పెనవేసి చేస్తారు, చాలావాటిలో ప్లాస్టిక్ కూడా ఉంటుంది. ప్యాకెట్ మీద ‘ఫ్లష్ చేయొచ్చు’ అని రాసి ఉన్నా నమ్మకండి. అవి తిరిగే చక్రానికి తాడులా చుట్టుకుంటాయి.

రెండో వంటగది ఉన్న ఇంట్లో ఇంకో శత్రువు నెయ్యి. గిన్నె కడిగే వేడినీళ్లలో కరిగిపోయి వెళ్తుంది, చలికాలం తొట్టిలో చల్లబడి గడ్డకడుతుంది. నూనె, అన్నం మెతుకులు కలిసి ఫ్లోట్ మీద పొరలు కడతాయి. బరువెక్కిన ఫ్లోట్ లేవదు, లేదా తొట్టి గోడకి అంటుకుపోతుంది. గిన్నెలోని జిడ్డుని కాగితంతో తుడిచి చెత్తబుట్టలో వేస్తే ఈ గొడవ చాలావరకు ఉండదు.

కుళ్లిన గుడ్డు వాసన వస్తే అశ్రద్ధ చేయొద్దు. గాలి అందని మురుగులో బ్యాక్టీరియా హైడ్రోజన్ సల్ఫైడ్‌ని పుట్టిస్తుంది. అందుకే తొట్టి మూత గాలి చొరబడకుండా బిగించి, ఆ వాయువు పోవడానికి పైకప్పు దాకా వేరే గొట్టం పెడతారు. వాసన వస్తోందంటే వీటిలో ఏదో దెబ్బతింది. మోతాదు పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియకుండా పోతుంది, అసలు ప్రమాదం అక్కడే. మన ఊళ్లలో మ్యాన్‌హోల్‌లోకి దిగిన కార్మికుల్ని చంపుతున్న వాయువుల్లో ఇదీ ఒకటి. భారత్‌లో 2013 చట్టం మురుగు కాల్వల్లోకి రక్షణ లేకుండా మనుషుల్ని దించొద్దన్నా ఆ చావులు ఆగలేదు. మీ ఇంటి తొట్టి చిన్నదే కావచ్చు, అయినా మూత తెరిచి తల లోపలికి వంచకండి. ఆ పని ప్లంబర్‌కి వదిలేయండి.

తుపానుకి కరెంటు పోతే పంపూ ఆగుతుంది. పై అంతస్తుల మురుగు నేరుగా వీధి పైపులోకి పోయే ఇళ్లలో పైన ఇబ్బంది లేదు, కింద బాత్రూమ్, సింక్ మాత్రం వాడకూడదు. బేస్‌మెంట్‌లో పడుకునే పెద్దవాళ్లకి ఈ మాట ముందే చెప్పి ఉంచండి. తొట్టిలో మట్టం హద్దు దాటితే మోగే అలారం కూడా దొరుకుతుంది. బ్యాటరీతో పనిచేసేది, పైన పడకగదికి వినిపించేది తీసుకోండి.